ముందు తీగ, ఆ తరువాతే లీనియర్

హామ్ రేడియో లైసెన్సు చేతికి రాగానే ఎక్కువమంది దృష్టి ట్రాన్సీవర్ మీదికి, ఆ వెంటనే దాని శక్తిని పెంచే యాంప్లిఫయర్ మీదికి మళ్లుతుంది. డాబా మీద కట్టవలసిన తీగ సంగతి మాత్రం చివరికి మిగిలిన డబ్బుతో, మిగిలిన తీరికలో ముగించే పనిగా ఉండిపోతుంది. ఈ వరుస తలకిందులైనదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. వంద వాట్ల రేడియోకు నాలుగు వందల వాట్లిచ్చే యాంప్లిఫయర్ తగిలిస్తే శక్తి నాలుగింతలవుతుంది. సంకేతాల హెచ్చుతగ్గులను కొలిచే డెసిబెల్ లెక్కలో ఆ పెంపు ఆరు. అవతలి హామ్ రేడియో మీద సంకేత బలాన్ని చూపే ఎస్ మీటరులో ఒక్కొక్క గీతకు ఉన్న ప్రామాణిక దూరం కూడా ఆరు డెసిబెల్స్ కనుక, అంత ఖర్చు పెట్టి సాధించిందల్లా ఆ ముల్లును ఒక్క గీత జరపడమే. మన వైపు వినికిడిలోనైతే ఆ మాత్రం మార్పు కూడా రాదు. యాంప్లిఫయర్ బయటికి వెళ్లే మాటను పెంచుతుందే తప్ప లోపలికి వచ్చే మాటను పెంచదు, యాంటెన్నా రెండింటినీ బాగుచేస్తుంది. పెద్ద యాంప్లిఫయర్ ఉండి అవతలివారి జవాబు వినిపించుకోలేని స్టేషన్లను హామ్‌లు సరదాగా మొసలి అని పిలుస్తారు: నోరు పెద్దది, చెవులు కనిపించవు.

యాంటెన్నాలలో అత్యంత సరళమైనది డైపోల్. ఇందులో సమానమైన రెండు తీగ ముక్కలుంటాయి, వాటి నడిమి నుంచి రేడియోకు కేబుల్ దిగుతుంది. దీని మొత్తం పొడవు వాడదలచిన తరంగ దైర్ఘ్యంలో సగానికి కొంచెం తక్కువగా ఉండాలి. 143ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే ఆ పొడవు మీటర్లలో వస్తుంది. భారతీయ హామ్‌లు పగటిపూట దేశంలోపలి మాటలకు ఎక్కువగా వాడే 7.1 మెగాహెర్ట్జ్‌కు ఇది సుమారు 20 మీటర్లు, అంటే ఒక్కొక్క వైపు పది. పై పొర ఉన్న కరెంటు తీగ వాడితే ఇంకొంచెం తక్కువే సరిపోతుంది. అయినా లెక్కకు వచ్చినదానికంటే జానెడు ఎక్కువగానే ఉంచి, కట్టిన తరువాత కొలిచి, రెండు వైపులా సమానంగా కత్తిరించుకుంటూ రావడమే తెలివైన పద్ధతి, ఎందుకంటే కత్తిరించిన తీగను మళ్లీ అతకడం కంటే మిగిలినదాన్ని మడిచి కట్టడం తేలిక.

పొడవు తరువాత చూడవలసింది ఎత్తు, ఇక్కడ ఎవరితో మాట్లాడదలచారన్న ప్రశ్నే ప్రధానం. 7.1 మెగాహెర్ట్జ్ ఉన్న నలభై మీటర్ల బ్యాండు డైపోల్‌ను పది మీటర్ల ఎత్తున కడితే దాని శక్తిలో ఎక్కువ భాగం నిటారుగా ఆకాశంలోకి వెళ్లి, అయనోవరణమనే విద్యుదావేశ పొరను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర చల్లినట్టుగా కిందికి దిగుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు, విజయవాడ నుంచి విశాఖపట్నానికి మాట చేర్చడానికి ఇంతకంటే అనువైనది లేదు. రెండంతస్తుల డాబా పిట్టగోడకు కట్టిన సరుగుడు బాదు ఈ పనికి చాలు. ఖండాంతరాల మాటలకు తరంగాలు నేలకు దగ్గరగా, వాలుగా వెళ్లాలి కనుక యాంటెన్నా కనీసం అర తరంగ దైర్ఘ్యం ఎత్తున ఉండాలి. నలభై మీటర్ల బ్యాండులో అది ఆరంతస్తుల ఎత్తు, ఇరవై మీటర్ల బ్యాండులో అందులో సగమే. జపానులోని తొహోకు విశ్వవిద్యాలయంలో 1920ల మధ్యలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ రూపొందించిన యాగీ యాంటెన్నా శక్తిని ఒకే దిక్కుకు కూడదీసి పంపుతుంది. అయితే దానికి దృఢమైన స్తంభమూ, తిప్పే మోటారూ, వాటిని మోయగల ఇంటి కప్పూ కావాలి. తొలి యాంటెన్నాగా దాన్ని ఎంచుకోవడం సాధారణంగా తొందరపాటే.

కోస్తా జిల్లాలలో కొబ్బరిచెట్లే చాలామందికి సిద్ధంగా ఉన్న స్తంభాలు. కానీ చెట్టు గాలికి ఊగుతుంది, రెండు చెట్ల మధ్య బిగించి కట్టిన తీగ ఏదో ఒక గాలివానకు తెగక మానదు. అందుకని ఒక కొసను గట్టిగా కట్టి, రెండో కొసకు తగిలించిన తాడును చెట్టు మీది గిలక గుండా కిందికి దించి దానికి కొంత బరువు వేలాడదీస్తారు. చెట్టు వంగినప్పుడు బరువు పైకి లేస్తుంది, నిలబడినప్పుడు దిగుతుంది, తీగ మీద లాగుడు మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. తీగ కొసకూ తాడుకూ మధ్య గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటరు తప్పనిసరి, ఎందుకంటే డైపోల్ కొసల వద్దే వోల్టేజి అత్యధికంగా ఉంటుంది, ప్రసార సమయంలో అది తగిలితే చర్మం కాలుతుంది. ఆ కారణంగానే కొసలు మనుషుల చేతికందే ఎత్తులో ఉండకూడదు. కరెంటు స్తంభాల తీగలకు పైనగానీ కిందగానీ, తెగిపడితే వాటి మీద పడేంత దగ్గరలోగానీ యాంటెన్నా కట్టకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

యాంటెన్నా నుంచి రేడియోకు శక్తిని మోసే కోయాక్స్ కేబుల్ విషయంలో పొదుపు వెతికేవారు ముందుగా అది ఎంత మింగుతుందో చూడాలి. సన్నగా, చవకగా దొరికే ఆర్.జి.58 కేబుల్ 7 మెగాహెర్ట్జ్ వద్ద పెద్దగా నష్టపరచదు. కానీ అదే కేబుల్‌ను 145 మెగాహెర్ట్జ్ వద్ద ముప్ఫై మీటర్లు వాడితే శక్తిలో ఇంచుమించు ముప్పాతిక వంతు దారిలోనే వేడిగా మారిపోతుంది. అంటే ఒక యాంప్లిఫయర్ ఇచ్చే ఆరు డెసిబెల్స్ లాభాన్ని కేబుల్ తినేస్తుందన్నమాట. లావుపాటి ఆర్.జి.213 వాడితే నష్టం సగానికి దిగుతుంది.

కేబుల్‌కూ యాంటెన్నాకూ పొంతన ఎంత కుదిరిందో చెప్పే కొలమానం ఎస్.డబ్ల్యూ.ఆర్. అది ఒకటికి దగ్గరగా ఉంటే శక్తి సాఫీగా యాంటెన్నాలోకి వెళుతున్నట్టు, మూడుకు చేరితే పాతిక శాతం వెనక్కి ప్రతిఫలిస్తున్నట్టు. వెనక్కి వచ్చిందంతా వృథా అయినట్టేనన్న నమ్మకం మాత్రం సరికాదు, కేబుల్ మంచిదైతే అందులో చాలా భాగం మళ్లీ యాంటెన్నాకే చేరుతుంది. ఈ మీటరు ముల్లును అతిగా నమ్మడంలో మరో ప్రమాదమూ ఉంది. శక్తినంతా వేడిగా మార్చే పరీక్ష పరికరమైన డమ్మీ లోడ్ ఎస్.డబ్ల్యూ.ఆర్.ను అచ్చంగా ఒకటిగా చూపిస్తుంది, కానీ దానితో పక్క వీధికి కూడా మాట చేరదు. నీరు పట్టిన కేబుల్ కూడా అలాగే వెళ్లే శక్తినీ తిరిగొచ్చే శక్తినీ తనలోనే పీల్చుకుని రేడియో దగ్గర చక్కటి అంకె చూపించగలదు. కాబట్టి ఏ మార్పూ చేయకుండానే ఎస్.డబ్ల్యూ.ఆర్. మెరుగుపడితే సంతోషించవలసిన పని లేదు, అనుమానించాలి.

నీరు పట్టడమే యాంటెన్నా వ్యవస్థల ప్రధాన వ్యాధి. కేబుల్ పై కొసలో చీలిక ఉంటే వాననీరు లోపలి రాగి అల్లిక వెంట మీటర్ల కొద్దీ పాకుతుంది, కొన్నాళ్లకు అల్లిక నల్లబడి, కనెక్టరు విప్పి చూస్తే ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి ఉన్న చోట ఇది మరింత వేగంగా జరుగుతుంది. కనెక్టరు మీద తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి చుట్టి, దానిమీద ఎండకు తట్టుకునే టేపు వేయాలి. గోడలోంచి లోపలికి వచ్చేముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. ఏడాదిలో రెండుసార్లు, వేసవి ఉరుముల వానలకు ముందొకసారి, అక్టోబరు, నవంబరు తుపానులకు ముందొకసారి, తాళ్లనూ అతుకులనూ తడిమి చూసి, ఎస్.డబ్ల్యూ.ఆర్. రాసిపెట్టుకుని, పాత అంకెతో పోల్చుకునే అలవాటు చాలా మరమ్మతులను తప్పిస్తుంది. ఉరుములు వినిపించడం మొదలయ్యాక కేబుల్ విప్పడానికి వెళ్లకూడదు, ఆ పని మబ్బు పట్టకముందే కావాలి. ఎర్తింగ్ కడ్డీ, మెరుపు నుంచి కాపాడే అరెస్టరు ఉన్నా పిడుగు నేరుగా పడితే ఆశ పెట్టుకోలేము.

యాంప్లిఫయర్‌కు న్యాయమైన స్థానం ఇవన్నీ కుదిరాక వస్తుంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్-40 రేడియో దాదాపు 7 వాట్లతోనే ఎందరి చేతనో దేశమంతటా మాట్లాడించింది. అందులో తుది దశలో ఉండే ఐ.ఆర్.ఎఫ్.510 అసలు రేడియో కోసం చేసింది కాదు, విద్యుత్ సరఫరాలలో స్విచ్‌గా వాడే చవకైన మోస్‌ఫెట్. దాని లోహపు వీపుకూ వేడిని తీసుకునే అల్యూమినియం రేకుకూ మధ్య అభ్రకం పొర ఉండాలి, బిగించేటప్పుడు ఆ పొర చిట్లితే మోస్‌ఫెట్‌కు వచ్చే సరఫరా నేరుగా రేకుకు తగులుతుంది. తక్కువ శక్తికి మరో లాభమూ ఉంది: విపత్తుల వేళ కరెంటు పోతే బ్యాటరీయే ఆధారం. వంద వాట్ల రేడియో పూర్తి శక్తితో ప్రసారం చేస్తే 13.8 వోల్టుల వద్ద సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది, బిటెక్స్ వంటి చిన్న రేడియోకు రెండు కూడా అక్కరలేదు. కరెంటు లేని ఊళ్లో పెద్ద యాంప్లిఫయర్ బీరువా కిందే లెక్క.

అయినా సంకేతాలు బలహీనపడి రొద పెరిగే కాలాల్లో, రద్దీ బ్యాండులో దూరదేశాల వారిని చేరుకోవాలనుకునేవారికి యాంప్లిఫయర్ ఉపయోగపడుతుంది. భారతదేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సుకు చాలాకాలంగా ఉన్న గరిష్ఠ పరిమితి 400 వాట్లు కనుక అంతకు మించిన యంత్రం కొనడంలో అర్థం లేదు. మాటల ప్రసారానికి వాడేది లీనియర్ రకమే కావాలి, అంటే లోపలికి వచ్చిన సంకేతపు ఆకృతిని చెడగొట్టకుండా పెద్దది చేసేది. అవసరానికి మించి శక్తిని దానిలోకి తోస్తే తరంగపు శిఖరాలు తెగిపోయి, పక్క ఫ్రీక్వెన్సీల వారికి గరగరలుగా వినిపిస్తాయి. యాభై వాట్లలోపు చాలునన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లోకి పొరపాటున వంద వాట్లు పంపితే ట్రాన్సిస్టర్లే పోతాయి. బయటికి వచ్చే దారిలో తగిన ఫిల్టరు లేకపోతే 7.1 మెగాహెర్ట్జ్ మాటతో పాటు 14.2, 21.3 వద్ద కూడా ప్రసారం జరిగి ఇతర సేవలకు అడ్డు తగులుతుంది.

వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయర్లు పొంతన లోపాన్ని కొంత ఓర్చుకుంటాయి, కానీ వాటి లోపలి వోల్టేజి వెయ్యి దాటుతుంది. ఫ్యానుకు పట్టిన దుమ్ము తుడవడానికైనా మూత తీసేముందు ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా పీకి, కొన్ని నిమిషాలు ఆగి, మీటరు సున్నా చూపినా సరే, ఎర్తింగ్‌కు కలిపి ఉన్న తీగను పొడవాటి ఇన్సులేటెడ్ కర్ర కొసకు కట్టి ఫిల్టరు కెపాసిటర్లకు తాకించాలి. వాటి ఆవేశాన్ని మెల్లగా హరించే బ్లీడర్ రెసిస్టర్లు ఏ రోజు తెగిపోయాయో పైనుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు.