ఫొటో పంచుకుందాం... గూడు అడ్రసు వద్దు!

శనివారం తెల్లవారుజామున నాలుగున్నర. ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్లు, స్వీటు షాపులు ఇంకా తెరవలేదు. వారమంతా మెట్రోపార్క్ స్టేషన్లో న్యూయార్క్ రైలు కోసం పరుగులు తీసే మేం నలుగురం ఒకే కారులో సర్దుకున్నాం. ట్రైపాడ్లు, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర. మాలో ఇద్దరిది సాఫ్ట్‌వేర్, ఒకరిది ఫార్మసీ, ఇంకొకరిది గ్యాస్ స్టేషన్లో నైట్ డ్యూటీ. కెమెరా సంచి భుజాన పడ్డాక ఇవేవీ గుర్తుండవు.

గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి సుమారు గంటన్నర వెళితే ఫోర్సిత్ వన్యప్రాణి రక్షిత ప్రాంతం. అక్కడ ఎనిమిది మైళ్ల వన్‌వే రోడ్డు ఉంది. కారు దిగకుండానే కిటికీలోంచి ఫొటోలు తీసుకోవచ్చు. మనిషి దిగితే ఎగిరిపోయే పక్షి కారుని అంతగా పట్టించుకోదు మరి! నవంబరులో స్నో గూస్‌లు వేలల్లో దిగుతాయి. వెనక అట్లాంటిక్ సిటీ కసీనో భవనాలు, ముందు తెల్లటి రెక్కలు. టైము లేని వారం దగ్గర్లోని గ్రేట్ స్వాంప్‌కి పోతాం. 1959లో అక్కడ పెద్ద విమానాశ్రయం కట్టాలనుకున్నారు. స్థానికులు చందాలు వేసుకుని, దాదాపు మూడు వేల ఎకరాలు కొని ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1960లో అది రక్షిత ప్రాంతమైంది. విమానాలకి బదులు ఇప్పుడు కొంగలు దిగుతున్నాయి.

ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో టీవీకి తగిలించి అందరి ఫొటోలూ చూస్తాం. అసలు మజా అదే. మొహమాటాలేం ఉండవు. "కన్ను షార్ప్‌గా లేదు బాబూ", "సముద్రం పక్కకి ఒరిగిందేంటి?" అని పేకాటలో కన్నా ఎక్కువ గొడవ. మంచు ఫొటోలు బూడిదరంగులో వస్తున్నాయని తల పట్టుకుంటే, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచమని ఫార్మసీ మిత్రుడు చెప్పాడు. తెల్లదనం ఎక్కువైతే కెమెరా బెదిరి చీకటి చేస్తుందట. ఎగిరే పక్షికి షట్టర్ రెండువేలో వంతు సెకను ఉండాలన్న సంగతీ అలా నేర్చుకున్నదే. ఉన్న ఒక్క పెద్ద లెన్సు సెకండ్ హ్యాండ్‌ది. వంతులవారీగా వాడుకుంటున్నాం.

ఇక మేం చేసిన తప్పు. ఒక చలికాలం పైన్ చెట్ల గుబురులో పొడవు చెవుల గుడ్లగూబ దొరికింది. సంబరంలో ఫొటో కింద పార్కు పేరు, ఏ పార్కింగు, ఎన్నో చెట్టు... అన్నీ రాసి తెలిసినవాళ్లందరికీ పంపేశాం. మరుసటి శనివారం వెళ్లేసరికి చెట్టు కింద పదిహేను మంది. ఎగిరితే ఫొటో బాగుంటుందని ఒకాయన పుల్ల విసురుతున్నాడు. రాత్రి వేటాడి పగలు నిద్రపోయే పక్షి అది. చలిలో లేపితే దాచుకున్న శక్తి ఖర్చు, పైగా కాకుల కంట పడుతుంది. ఆ చెట్టు మీద మళ్లీ మాకది కనిపించలేదు. పుల్ల విసిరింది ఆయనే గానీ, దారి చూపింది మేం.

ఆ తర్వాతే బాల్డ్ ఈగిల్ కథ చదివాం. డీడీటీ దెబ్బకి గుడ్ల పెంకులు పలచబడి, 1970ల్లో న్యూజెర్సీ మొత్తానికి ఒకే గూడు మిగిలింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 1980ల్లో కెనడా నుంచి పిల్లల్ని తెచ్చి పెంచి వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో గూళ్లు రెండొందలు దాటాయి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రమాద జాబితా నుంచి ఆ పేరు తీసేశారు. గూటికి కనీసం 330 అడుగుల దూరంలో ఉండమని ఫెడరల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేషనల్ పార్కుల్లో, వన్యప్రాణి రక్షిత ప్రాంతాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ముందు ఇవి తెలుసుకుంటే మంచిది.

ఇప్పుడు మా ఫొటోల కింద జిల్లా పేరు మాత్రమే రాస్తున్నాం. ఫోన్లో లొకేషన్ ఆన్ ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఫైల్లోనే కూర్చుంటాయి కాబట్టి, పంపే ముందు అవీ తీసేస్తున్నాం. కొందరు మిత్రులకి కోపమొచ్చింది. "మాకు చెబితే ఏం పోయింది?" అన్నారు. రమ్మన్నాం, కారులో చోటుంటే మేమే తీసుకెళతామన్నాం. ఇద్దరు వచ్చారు, ఒకరు మాట్లాడ్డం మానేశారు.

మాలో ఒకరిది అనంతపురం వైపు, వీరాపురం దగ్గరి పల్లె. చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్ని ఊరివాళ్లే కాపాడుకునే చోటది. వీసా స్టాంపింగ్ భయంతో అతను నాలుగేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. మొన్న గద్ద ఫొటో అమ్మకి పంపాడు. వెంటనే ఫోన్.

"ఏ ఊరి చెట్టురా అది?"

"చెప్పకూడదమ్మా."

"నేనేమన్నా వచ్చి రాళ్లేస్తానా?" అందావిడ.

అమ్మకి మాత్రం చెప్పాడు.