63 మ్యాచ్‌లు, ఒక్క కాగితం: అమెరికా ‘బ్రాకెట్’ గురించి తల్లిదండ్రులకు



మన స్కూల్లో చాలామంది పిల్లలకు అమెరికాలో అన్నో అక్కో బాబాయో ఉన్నారు. మార్చి నెల సగానికి వచ్చేసరికి వాళ్ల వీడియో కాల్స్‌లో ఒక కొత్త మాట వినిపిస్తుంది. “బ్రాకెట్ నింపేశా” అంటారు, నాలుగు రోజులకే “నా బ్రాకెట్ పోయింది” అంటారు. పిల్లలు ఆ మాట పట్టుకుని క్లాసుకు వస్తారు. లెక్కల్లో బ్రాకెట్ తెలుసు, ఇంగ్లీషు గ్రామర్‌లో బ్రాకెట్ తెలుసు, ఇదేంటి మేడమ్ అని అడుగుతారు. పోయిన పీటీఎంలో ఇద్దరు ముగ్గురు తల్లులు ఇంకో ప్రశ్న వేశారు: “ఇది మన ఐపీఎల్ బెట్టింగ్ లాంటిదే కదా మేడమ్?” రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే మొదటి దాన్నించే మొదలుపెట్టాలి.

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. అది ఏటా మార్చిలో కాలేజీ జట్లకు బాస్కెట్‌బాల్ టోర్నమెంటు పెడుతుంది. 1939లో 8 జట్లతో మొదలైంది, 1985లో 64 జట్లయ్యాయి, 2011లో 68కి పెరిగాయి. అదనంగా వచ్చిన ఆ నాలుగు జట్లను ముందే జరిగే చిన్న రౌండు తీసేస్తుంది కాబట్టి అసలు ఆట 64 జట్లతోనే. అమ్మాయిలకు వేరే టోర్నమెంటు ఉంది, అందులోనూ 2022 నుంచి 68 జట్లే. ఐపీఎల్‌లోలాగా లీగ్ దశ, నెట్ రన్‌రేట్, “ఇంకా అవకాశం ఉంది” లాంటివి ఇక్కడ లేవు. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏటికి ఇంటికే.

64 జట్లను నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో 16 జట్లు, వాటికి 1 నుంచి 16 దాకా ర్యాంకులు. ఈ ర్యాంకునే సీడ్ అంటారు. మొదటి రౌండులో 1వ సీడ్‌తో 16వది, 2తో 15వది, ఇలా అందరికంటే బలమైనదానికి అందరికంటే బలహీనమైనది ఎదురు. 8వ సీడ్‌కు 9వది తగులుతుంది, అక్కడ ఎవరు గెలుస్తారో చెప్పడం నాణెం ఎగరేసినట్టే. ఏ జట్టు ఎవరితో ఆడుతుంది, గెలిస్తే తర్వాత ఎవరు ఎదురవుతారు అన్నదంతా కొమ్మలు కొమ్మలుగా గీసిన ఒకే పటంలో ఉంటుంది. రెండు కొమ్మలు కలిసి ఒకటి, ఆ ఒకటి పక్కదానితో కలిసి ఇంకొకటి. చివరికి ఒకే గీత. ఆ పటమే బ్రాకెట్.

ఆదివారం సాయంత్రం అక్కడ జట్ల జాబితా ప్రకటిస్తారు. మనకు అది సోమవారం తెల్లవారుజాము. గురువారం మధ్యాహ్నం, అంటే మనకు గురువారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, మొదటి రౌండు మొదలవుతుంది. ఈలోపు పటంలోని 63 మ్యాచ్‌లకూ గెలిచేవాళ్ల పేర్లు రాసి ఇచ్చెయ్యాలి. ఆఫీసుల్లో, హాస్టళ్లలో, కుటుంబాల్లో పది ఇరవై మంది కలిసి ఇలా రాసుకుని ఎవరివి ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టుకుంటారు. దాన్ని పూల్ అంటారు. ఒకసారి ఇచ్చాక మార్చుకోవడానికి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

63 ఎలా వచ్చింది అని మీ పిల్లల్ని అడగండి. చాలామంది 32, 16, 8, 4, 2, 1 అని రౌండ్లవారీగా కూడుతారు. అది సరైన పద్ధతే. ఇంకా తేలిక దారి ఒకటుంది. ప్రతి మ్యాచ్ ఒక జట్టును ఇంటికి పంపిస్తుంది. 64లో ఒక్కటే మిగలాలి, అంటే 63 జట్లు ఇంటికి పోవాలి. కాబట్టి 63 మ్యాచ్‌లు. ఈ రెండో జవాబు మీరు చెప్పెయ్యకండి. వాళ్లే కనుక్కుంటే ఆ ముఖం చూడాలి.

మరి 63కి 63 సరిగ్గా రాయడం ఎంత కష్టం? ఒక్కో మ్యాచ్‌కు రెండే జవాబులు. మూడు మ్యాచ్‌లైతే 8 రకాలుగా రాయొచ్చు, ఏడు మ్యాచ్‌లైతే 128 రకాలు. 63 మ్యాచ్‌లకు వచ్చే సంఖ్య సుమారు 92 లక్షల లక్షల కోట్లు. అచ్చుతప్పు కాదు, ‘లక్షల’ రెండుసార్లే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు పెట్టమని రాజును అడిగిన పండితుడి కథ మీకు తెలిసే ఉంటుంది. ఆ కథలో చివరి, 64వ గడిలో పెట్టాల్సిన గింజలెన్నో సరిగ్గా అన్ని రకాల బ్రాకెట్లు సాధ్యం.

ఆట తెలిసినవాళ్లు నాణెం కంటే బాగా ఊహిస్తారు, నిజమే. అయినా 63 సరిగ్గా రాసిన కాగితం ఇంతవరకు నమోదు కాలేదు. 2014లో వారెన్ బఫెట్ వెనకుండి, తప్పులేని బ్రాకెట్‌కు వంద కోట్ల డాలర్ల బహుమతి ప్రకటించారు. ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. 2019లో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఒకాయన మొదటి 49 మ్యాచ్‌లు వరసగా సరిగ్గా రాశాడు. 50వది తప్పింది.

పాయింట్ల పద్ధతి కూడా పిల్లలకు మంచి లెక్క. మొదటి రౌండులో సరైన జవాబుకు 1, తర్వాత 2, 4, 8, 16, ఫైనల్‌కు 32. మొదటి రౌండు మొత్తం 32 పాయింట్లు, రెండోది పదహారు రెళ్లు 32, ఇలా ఆరు రౌండ్లకూ సమానమే. మొత్తం 192. చాంపియన్‌ను సరిగ్గా పట్టినవాడికి ఆ ఒక్క జట్టు మీదే 63 పాయింట్లు వస్తాయి. అంటే మూడో వంతు దాదాపు ఒక్క పేరు మీద ఆధారపడి ఉంది. అలాంటప్పుడు చాంపియన్‌గా అందరూ రాసే పేరే రాయాలా, వేరేది రాయాలా? ఏడో తరగతి పిల్లలు దీనిమీద అరగంట వాదించుకోగలరు.

ఇప్పుడు 2023 మార్చి 17 సంగతి. ఈ టోర్నమెంటు గురించి ఒక్క కథ చెప్పమంటే నేను ఇదే చెబుతాను. ఫెయిర్‌లీ డికిన్సన్ యూనివర్సిటీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. న్యూజెర్సీలో ఉంది, మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లే కాలేజీల్లో ఒకటి. ఆ ఏడాది వాళ్ల జట్టు సొంత లీగ్ ఫైనల్లోనే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. గెలిచిన జట్టుకు నిబంధనల ప్రకారం అర్హత లేకపోవడంతో వీళ్లకు చోటు దొరికింది. అదీ ముందు జరిగే ఆ చిన్న రౌండు ఆడి గెలిస్తేనే. గెలిచారు. ఆ సీజన్‌లో మొదటి డివిజన్‌లో ఉన్న 363 జట్లలో అందరికంటే పొట్టి జట్టు వాళ్లది. ఎదురుగా 1వ సీడ్ పర్డ్యూ యూనివర్సిటీ. అక్కడ సెంటర్ ఆటగాడు జాక్ ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. పొట్టివాళ్లు ఆయనకు బంతి అందకుండా ముందొకరు వెనకొకరు మూగారు, కోర్టు పొడవునా పరిగెత్తించారు, 63–58తో గెలిచారు.

1985 నుంచి 2017 దాకా 1వ సీడ్‌కూ 16వ సీడ్‌కూ 132 మ్యాచ్‌లు జరిగితే 16వ సీడ్ ఒక్కసారీ గెలవలేదు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ జట్టు వర్జీనియాను 74–54తో ఓడించి ఆ లెక్క చెరిపేసింది. ఫెయిర్‌లీ డికిన్సన్ వాళ్లది రెండోది. రెండు రోజుల తర్వాత తర్వాతి రౌండులో వాళ్లూ ఓడిపోయారు, అది వేరే విషయం. ఆ రోజు పర్డ్యూను చాంపియన్‌గా రాసుకున్నవాళ్లకు 63 పాయింట్లు మొదటి రౌండులోనే పోయాయి.

ఇది విన్న పిల్లవాడు వెంటనే “అయితే పెద్ద సీడ్లను నమ్మకూడదు” అంటాడు. అప్పుడు 2025 చెప్పండి. ఆ ఏడాది చివరి నాలుగు జట్లూ 1వ సీడ్లే: ఫ్లోరిడా, హ్యూస్టన్, డ్యూక్, ఆబర్న్. ఫైనల్లో ఫ్లోరిడా 65–63తో హ్యూస్టన్‌ను ఓడించింది. 2023లోనేమో చివరి ఎనిమిదిలో ఒక్క 1వ సీడ్ కూడా లేదు. రెండూ నిజాలే. ‘ఎక్కువసార్లు జరిగేది’ వేరు, ‘ప్రతిసారీ జరిగేది’ వేరు. ప్రాబబిలిటీ పాఠంలో పాచికతో చెబితే తలూపి మర్చిపోయేది, ఇక్కడ తమ చేత్తో రాసిన జవాబు తప్పినప్పుడు బాగా ఎక్కుతుంది. (హ్యూస్టన్ అంటే మన ఊరికి కొత్త కాదు. చమురు బావుల తవ్వకంలో వాడే ముగ్గురాయి పొడి వ్యాపారం చేసేవాళ్లు ఆ ఊరి పేరు నాకంటే ముందే వినుంటారు.)

ఇక ఆ తల్లుల ప్రశ్న. అమెరికాలో చాలా పూల్స్‌లో తలా ఐదో పదో డాలర్లు వేసుకుంటారు, దాచాల్సిన పనిలేదు. మనం ఆ భాగాన్ని పూర్తిగా వదిలేస్తున్నాం. పది రూపాయలు కూడా వద్దు, చాక్లెట్ పందెం కూడా వద్దు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలనూ అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. చట్టం ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రమైతే మన వీధుల్లో ఏం నడుస్తుందో నేను మీకు చెప్పక్కర్లేదు. పిల్లలకూ చెప్పక్కర్లేదు. వాళ్లు చూస్తూనే ఉన్నారు. అందుకే ఈ మాట దాటేసి ఊరుకోవడం కంటే తేడా చూపించడం మంచిదని నా అభిప్రాయం.

డబ్బు ఒక్కటే తేడా కాదు. బ్రాకెట్ ఒకసారి రాసి ఇచ్చేస్తే అయిపోయింది. తప్పింది కదా అని మళ్లీ రాయడానికి లేదు, పోయింది కదా అని రెట్టింపు పెట్టడానికి లేదు. మూడు వారాలు చూస్తూ కూర్చోవడమే. బెట్టింగ్ అలా కాదు. ఓవర్‌కోసారి, బంతికోసారి “ఇంకొక్కసారి” అని పిలుస్తుంది. మనిషి మునిగేది మొదటి పందెంలో కాదు, పోయినదాన్ని తిరిగి రాబట్టుకుందామని వేసే నాలుగో పందెంలో, పదో పందెంలో.

రెండో తేడా నాకు ఇంకా ముఖ్యం. పందెం కాసేవాళ్లకు గెలిచినవి గుర్తుంటాయి. “నేను ముందే చెప్పలేదా?” అంటారు. ఓడినవి ఎక్కడా రాసుండవు. బ్రాకెట్‌లో తప్పినవన్నీ కాగితం మీదే ఉంటాయి. మేం తప్పిన జవాబులను ఎర్ర పెన్నుతో కొట్టేయిస్తాం, చెరపనివ్వం. ఒక పిల్లవాడు మొదటి రోజు బాగా రాసి “నాకు బాగా తెలుసు” అనుకోవచ్చు. ఆ ధీమా ప్రమాదమే, అందుకే కాగితాన్ని చివరిదాకా ఉంచమంటున్నాను. ఏళ్ల తరబడి ఈ ఆట చూసినవాళ్ల కాగితాలు కూడా ఏప్రిల్ వచ్చేసరికి ఎర్రగానే ఉంటాయి. రేపు ఎవరైనా వాడి చెవిలో “పక్కా టిప్, పెట్టరా” అన్నప్పుడు ఆ కాగితం గుర్తొస్తే చాలు.

ఇంట్లో చెయ్యాలంటే 63 మ్యాచ్‌లతో మొదలుపెట్టకండి. చివరి 8 జట్లు తేలేదాకా ఆగండి. అప్పుడు మిగిలేవి 7 మ్యాచ్‌లే, నోటుబుక్కులో ఒక పేజీ చాలు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక కాగితం రాయాలి, జేజితో సహా. జేజి జట్టు బట్టల రంగు చూసి రాస్తానంటే రాయనివ్వండి. ఆట తెలియనివాళ్లు పూల్ గెలవడం మామూలే, పిల్లలు దాన్ని చూడాలి కూడా. ప్రతి జవాబు పక్కన ఎందుకు అనుకున్నారో ఒక్క వాక్యం రాయించండి, తెలుగులోనో ఇంగ్లీషులోనో. ‘బికాజ్’ తర్వాత ఏం రాయాలో తెలియక ఆగిపోయే పిల్లలకు ఇంతకంటే మంచి అభ్యాసం నాకు దొరకలేదు. గెలిచినవాళ్లకు బహుమతిగా ఆదివారం టిఫిన్ ఏం చెయ్యాలో చెప్పే హక్కు ఇవ్వండి. కారం దోసె అన్నారంటే మీ పని తేలికే.

మ్యాచ్‌లు మనకు రాత్రి మొదలై తెల్లవారేదాకా ఉంటాయి. ఎవరూ మేలుకోవద్దు, ఫోన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు. పొద్దున పాలు తాగేటప్పుడు స్కోరు మీరు చదివి వినిపిస్తే సరిపోతుంది. పదో తరగతి పిల్లల ఇళ్లలో ఇదంతా పరీక్షలు అయ్యాకే. 6, 7, 8 తరగతుల పిల్లలకు ఖాళీ బ్రాకెట్ కాగితం డైరీలో అంటించి పంపిస్తాం. అబ్బాయిల టోర్నమెంటుదీ అమ్మాయిలదీ రెండూ ఉంటాయి, ఒకటి ఎంచుకోండి. అబ్బాయిల ఫైనల్ ఏప్రిల్ మొదటి సోమవారం రాత్రి, మన లెక్కన మంగళవారం ఉదయం ఆరు దాటాక. అమ్మాయిలది అంతకు ముందు రోజు. ఎర్ర పెన్ను గీతలతో సహా ఆ కాగితాన్ని అదే వారం క్లాస్ టీచర్‌కు పంపించండి.