చక్రం విప్పితే బొంగరం

అనకాపల్లి జిల్లా యలమంచిలికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మ తిరుగుతూ పుడుతుంది. బాగా ఆరిన అంకుడు కర్ర ముక్కను లేత్‌కు బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుండగా ఉలి ఆనిస్తారు. పొట్టు రాలుతూ, వంకరగా ఉన్న కర్ర చూస్తుండగానే గుండ్రబడుతుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాతి పని. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. పొయ్యి ఉండదు, మంట ఉండదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రకు పట్టుకుంటుంది. 70, 80 డిగ్రీల వేడి దానికి చాలు. పైన మొగలి ఆకు అదిమి పట్టి అటూ ఇటూ జరిపితే లక్క సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. లేత్ ఆగేసరికి రంగు కూడా ఆరిపోయి ఉంటుంది.

ఇలా పుట్టిన వస్తువుకు ఒక గుణం వస్తుంది. దాని నడుమ గుండా పోయే గీత ఒకటి ఉంటుంది, ఆ గీతకు అన్ని వైపులా బరువు సమంగా సర్దుకుని ఉంటుంది. ఆ గీతను ఇరుసు అనుకుంటే అది చక్రం. నిలువునా నిలబెడితే బొంగరం. కారుగా నడిచి, కావాలన్నప్పుడు బొంగరంగా తిరిగే బొమ్మను ఎవరైనా చేయాలనుకుంటే మొదట పట్టుకోవాల్సింది ఈ గీతనే. అందుకే ఇలాంటి బొమ్మకు మన తెలుగునాట సరైన పుట్టిల్లు ఏటికొప్పాక అంటాను. కొండపల్లి బొమ్మ అందం వేరు. తెల్ల పొణికి కర్రను చెక్కి, కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల జిగురుతో చేసిన మక్కుతో అతుకుతారు. ఏనుగు అంబారీ అలా వస్తుంది గానీ, బొంగరం రాదు.

అంకుడు తూర్పు కనుమల అడవి చెట్టు. పాలకొడిశ అని కూడా అంటారు. కాయ తుంచితే పాలు కారతాయి. అరకు, పాడేరు వైపు కొండవాలుల నుంచి కింద మైదానం దాకా పెరుగుతుంది. దాని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చు. కర్ర తెల్లగా, మెత్తగా, పోగు సన్నగా ఉంటుంది. లేత్ మీద ఉలికి అడ్డం తిరగదు, చీలిక లేవదు. బొంగరానికి ఈ సన్నటి పోగు అందం కోసం కాదు, ప్రాణం కోసం. కర్రలో ఒకవైపు చేవ, మరోవైపు బోలు ఉంటే, పైకి ఎంత గుండ్రంగా ఉన్నా లోపల బరువు ఒక పక్కకు ఒరుగుతుంది.

ఆ ఒరుగు ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. 6 సెం.మీ. వ్యాసం, 2 సెం.మీ. మందం ఉన్న కర్ర బిళ్ల సుమారు 40 గ్రాములు తూగుతుంది. అది సెకనుకు 20 చుట్లు తిరుగుతున్నప్పుడు అంచు దగ్గర ఒక్క గ్రాము ఎక్కువైందనుకోండి. ఆ ఒక్క గ్రాము దాదాపు 48 గ్రాముల బరువంత బలంతో బయటికి లాగుతుంది. అంటే మొత్తం బిళ్ల బరువు కన్నా ఎక్కువ! పైగా ఆ లాగుడు సెకనుకు 20 సార్లు దిక్కు మారుతుంది. బొంగరం గడగడ కొట్టుకుంటూ నేల మీద పరుగెత్తి పడిపోవడానికి కారణం ఇదే. ప్లాస్టిక్ బొమ్మల్లో ఈ సమస్యను అచ్చుతో దాటుతారు, అచ్చు సరిగ్గా ఉంటే వేల బిళ్లలు ఒకేలా వస్తాయి. కర్రలో దాటించేది లేత్, ఆ లేత్ ముందు కూర్చున్న మనిషి చెయ్యి.

బండీ బొంగరమూ పాత నేస్తాలే. హరప్పా తవ్వకాల్లో మట్టి బొమ్మబండ్లూ దొరికాయి, మట్టి బొంగరాలూ దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలం నాటి ఆ పిల్లల చేతుల్లో అవి రెండూ వేర్వేరు బొమ్మలే. వాటిని ఒకటి చేసిన ఆలోచన అమెరికాలోని డేటన్ నగరంలో వచ్చింది. 1897లో ఇజ్రాయెల్ డొనాల్డ్ బోయర్, ఎడిత్ బోయర్ ఒక బొమ్మ బండికి పేటెంటు తీసుకున్నారు. బండి లోపల బరువైన ఇనప చక్రం దాగి ఉంటుంది. బండిని నేలకు అదిమి రెండు మూడుసార్లు ముందుకు తోస్తే ఆ చక్రం వేగం పుంజుకుంటుంది. వదిలేస్తే అదే బండిని లాక్కుపోతుంది. మన తిరునాళ్లలో అమ్మిన రేకు కార్ల కడుపులో ఉన్నదీ ఆ చక్రమే. డేటన్‌లో అలాంటి బొమ్మలను హిల్ క్లైంబర్ అని, అంటే కొండనెక్కే బండి అని అమ్మారు. నిజానికి అది పక్కకు పడుకోబెట్టిన బొంగరం. ఇందాకటి 40 గ్రాముల బిళ్లలో, సెకనుకు 20 చుట్ల వేగంలో దాగి ఉన్న శక్తి మొత్తం బండికి అందితే 150 గ్రాముల కారు సెకనుకు 1.4 మీటర్ల వేగం అందుకుంటుంది. మనిషి మామూలు నడక వేగం అంతే.

బొమ్మల్లోనే కాదు, నిజం బస్సులోనూ ఈ బొంగరాన్ని పెట్టారు. స్విట్జర్లాండ్‌లో 1953లో నడిచిన జైరోబస్సులో ఒకటిన్నర టన్నుల చక్రం నిమిషానికి 3000 చుట్లు తిరిగేది. స్టాపు దగ్గర కరెంటుతో దాన్ని తిప్పి, ఆ ఊపుతో బస్సు అయిదారు కిలోమీటర్లు పోయేది. ఆ చక్రాన్ని బొంగరంలాగే నిలువు ఇరుసు మీద పెట్టారు. కారణం ఉంది. తిరుగుతున్న చక్రం తన ఇరుసు దిక్కును అంత సులువుగా మార్చుకోదు. బలవంతాన వంచబోతే, మనం తోసిన వైపు కాక అడ్డంగా మరో వైపు ఒరుగుతుంది. నిలువు ఇరుసైతే బస్సు ఎడమకో కుడికో మళ్లినా ఇరుసు దిక్కు మారదు. కానీ అది చదును రోడ్ల సంగతి. అనంతగిరి ఘాట్ లాంటి దారిలో అయితే ఎత్తు ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా ఆ చక్రం బస్సును పక్కకు ఒరిగించాలని చూస్తుంది.

మళ్లీ బొమ్మల దగ్గరికి వస్తే, అమెరికాలో కెన్నర్ కంపెనీ 1970లో పళ్ల పట్టీ లాగితే దూసుకుపోయే కార్లు తెచ్చింది. వాటి నడుమ ఒకే పెద్ద చక్రం, ఆ చక్రమే ఊపు, అదే పరుగు. జపాన్ టకారా కంపెనీ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1980లో అది తెచ్చిన డయాక్లోన్ బొమ్మల నుంచి 1984లో కారు మనిషిగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ వచ్చాయి. అదే కంపెనీ 1999లో బేబ్లేడ్ బొంగరాలను తెచ్చింది. వాటికి మూలం జపాన్ పిల్లలు తాడుతో తిప్పే బేగోమా అనే పోత ఇనప బొంగరం. రూపం మారే బండీ, పోట్లాడే బొంగరమూ ఒకే ఇంట్లో పుట్టాయి.

ఇక మన కర్రబొమ్మ. రూపం మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మొత్తం కారునే మడిచి బొంగరం చేయడం. ప్లాస్టిక్‌కు ఇది కుదురుతుంది. కర్రకు కుదరదని నా అభిప్రాయం. మడతకు కీలు కావాలి, కీలుకు సందు కావాలి. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. అరకు చలి మంచులో సరిపోయిన కీలు విశాఖ ఉక్కపోతలో పట్టేస్తుంది. లక్క పూత తేమను కొంత ఆపుతుంది గానీ కీలు రాసుకునే చోట పూత నిలవదు. పైగా కారు పొడుగ్గా ఉంటుంది. ఎంత మడిచినా ముందు వెనకల బరువు నడిమి గీతకు సమం కావడం కష్టం. ఒక్క గ్రాము చేసే గొడవ ఇందాక చూశాం.

కారును ముక్కు మీద నిలబెడితే చాలు కదా, పాత రేసు కారులా కోలగా లేత్ మీద తీస్తే ఒళ్లంతా గుండ్రమే కదా అనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటైన ఆలోచనే. అయితే బొంగరం నిటారుగా నిలవాలంటే ఒక కనీస వేగం దాటాలి, ఆ వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా బరువు ఎంత ఎత్తులో ఉందన్నది. మన 6 సెం.మీ. బిళ్ల నేలకు 3 సెం.మీ. ఎత్తులో ఉంటే సెకనుకు 13 చుట్లకు తగ్గగానే తల ఊపడం మొదలుపెడుతుంది. ఒకటిన్నర సెం.మీ. ఎత్తుకు దించితే ఆరు చుట్ల దాకా నిలకడగా ఉంటుంది. ముక్కు మీద నిలబడ్డ కోల కారులో బరువు ఎత్తులో ఉంటుంది, వెడల్పు తక్కువ. తాడు లాగిన చెయ్యి కిందికి దిగేలోపే పడిపోతుంది.

కాబట్టి రెండో దారి: కారు చక్రాన్ని విప్పి బొంగరం చేయడం. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నడుమన ఒకే పెద్ద చక్రం. ఇరుసు ఆ పెద్ద చక్రంతో కలిసే ఉంటుంది, కలిసే తిరుగుతుంది. ఇరుసుకు ఒక పక్క గుండ్రటి చిన్న ములికి, రెండో పక్క 6 మి.మీ. లావు కాడ. కారు ఒళ్లు అడుగున రెండు గాళ్లు కోస్తారు, కిందికి తెరిచినవి. ఇరుసు ఆ గాళ్లలో ఇమిడి ఉంటుంది, కారు బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. కీలు లేదు, మర లేదు. కారును లాగే తాడే బొంగరం తాడు.

ఆట ఇలా సాగుతుంది. తాడును కాడకు చుట్టాలి. 60 సెం.మీ. తాడు అయితే దాదాపు 32 చుట్లు పడుతుంది. కారును పక్కకు తిప్పి, ములికి నేలకు ఆనేలా పట్టుకోవాలి. ఇప్పుడు ఇరుసు నిలువుగా ఉంది. తాడు లాగితే చక్రం గాళ్లలోనే తిరుగుతుంది. సెకనులో లాగేస్తే సగటున 32 చుట్ల వేగం, చివరికి దానికి రెట్టింపు దగ్గరికి పోతుంది. అప్పుడు కారును గాడి తెరిచిన వైపుకు వ్యతిరేకంగా వెనక్కి లాగేయాలి. చక్రం నేల మీద బొంగరమై మిగిలిపోతుంది. క్రమం మాత్రం ముఖ్యం, ముందు కారును తిప్పాలి, తర్వాతే తాడు లాగాలి. తిరుగుతున్న చక్రంతో కారును తిప్పబోతే అది చేతిని అడ్డంగా నెడుతుంది. పిల్లలు ఆ తప్పు ఒకసారి చేయాలి కూడా! జైరోబస్సు నాటి చిక్కు వాళ్ల మణికట్టుకే తెలుస్తుంది.

చక్రం అడుగు చదునుగా ఉండకూడదు. బరువు కిందికి దించాం కాబట్టి కాస్త ఒరిగితే చాలు అంచు నేలకు రాసుకుంటుంది. అందుకని ములికి వైపు ఏటవాలుగా చెక్కి, బరువును అంచుకు తోయాలి. బరువంతా అంచునే ఉన్న వలయం అంతే బరువున్న నిండు బిళ్ల కన్నా రెట్టింపు పట్టుగా తిరుగుతుంది. ములికి మొన సంగతి నేలను బట్టి ఉంటుంది. అలికిన మట్టి వాకిట్లో సన్నటి ఇనప మొన కుదురుకుంటుంది, ఇంటి టైల్స్ మీద అది జారి గీతలు పెడుతుంది. అక్కడ గుండ్రటి మొన మేలు. ఆ గుండ్రానికి నేల రాపిడి తగిలి, ఒరిగిన బొంగరం మెల్లగా లేచి నిలబడుతుంది కూడా. ఈ లేచి నిలబడే గుణాన్నే మరీ ముదరబెడితే తలకిందులయ్యే బొంగరం వస్తుంది. నీల్స్ బోర్, వోల్ఫ్‌గాంగ్ పౌలీ అంతటి భౌతిక శాస్త్రవేత్తలు నేల మీదికి వంగి దాన్ని చూస్తుండగా స్వీడన్‌లో తీసిన ఫొటో ఒకటి ఉంది.

పసిపిల్లల చేతికి వెళ్లే బొమ్మలో ఊడివచ్చే ఏ ముక్కా 31.7 మి.మీ. గొట్టంలో పట్టకూడదు, మింగే ప్రమాదం ఉంది కాబట్టి. మన పెద్ద చక్రానికి ఆ భయం లేదు. ముందు చిన్న చక్రాలను మాత్రం ఊడకుండా బిగించాలి. రంగుల విషయంలో ఏటికొప్పాక ఇప్పటికే దారి చూపింది. కొన్ని రసాయన రంగుల్లో సీసం ఉంటుంది. చింతలపాటి వెంకటపతిరాజు అక్కడి కళాకారులతో కలిసి పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటి నుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతిని నిలబెట్టారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2021 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యతా ఉత్తర్వు భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు ఉన్నా ఆ కొలతలు పాటించి తీరాలంటాను. నోట్లో పెట్టుకునే పిల్లకు ఉత్తర్వుల సంగతి తెలియదు.

చివరికి మిగిలేది కర్ర. అంకుడు దొరకడం కష్టమవుతోందని కళాకారులు ఏళ్లుగా చెబుతున్నారు. నరికిన మొదలు నుంచి ఈ చెట్టు మళ్లీ చిగురిస్తుంది, కానీ కొమ్మ లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. 6 సెం.మీ. చక్రం తీయాలంటే ఆరిన తర్వాత, బెరడు పోగా 7 సెం.మీ. లావు కొమ్మ కావాలి. ఆగలేక ముందే కొడితే 5 సెం.మీ. చక్రంతో సరిపెట్టుకోవాలి. మందం మార్చకుండా వ్యాసం తగ్గిస్తే తిరుగుడు పట్టు నాలుగో ఘాతంలో పడిపోతుంది. 6 నుంచి 5కు తగ్గిన చక్రానికి మిగిలేది పాత పట్టులో సగం కన్నా తక్కువే. కాబట్టి ఈ బొమ్మను ఎవరు తలపెట్టినా లేత్ కన్నా ముందు అరకు, పాడేరు, నర్సీపట్నం వైపు వాలుల్లో అంకుడు మొక్కలు నాటించాలి. వాటిని పెంచే గిరిజన కుటుంబాలకు కొమ్మ లావును బట్టి ధర కట్టాలి, 7 సెం.మీ. దాటిన కొమ్మకు ఎక్కువ. అప్పుడే ఎవరికైనా ఇంకో రెండేళ్లు ఆగుదామనిపిస్తుంది.