మడ అడవులు – ప్లాస్టిక్ ముప్పు

నది తాను మోసుకొని వచ్చిన ఒండ్రును సముద్రం ఒడిలో విడిచేచోట, ఉప్పునీటికి ఓర్చి పెరిగే వృక్షసముదాయమే మడ అడవి. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ముఖ్యంగా గోదావరి, కృష్ణా ముఖద్వారాల వద్ద విస్తరించి ఉన్నాయి. నాగాయలంక, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలలో తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన చెట్లు పెరుగుతాయి. ఈ అడవిలో కొంత భాగాన్ని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు, రొయ్యలు, పీతలు తమ పిల్లదశను ఈ వేళ్ల నీడలోనే గడుపుతాయి. ఉప్పెన ఉధృతిని తగ్గించేవి కూడా ఈ చెట్లే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను ఎరిగినవారికి వీటి విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటువంటి అడవికి నేడు ఒక కొత్త ముప్పు దాపురించింది. అదే సూక్ష్మప్లాస్టిక్. 5 మిల్లీమీటర్లకన్న చిన్నవైన ప్లాస్టిక్ తునకలను ఈ పేరుతో పిలుస్తారు. ప్లాస్టిక్ ఆకువలె కుళ్లి మట్టిలో కలవదు. ఎండకు పెళుసెక్కి, అలల తాకిడికి చిట్లి నలుసులవుతుంది. చేతిసంచులు, నీళ్లసీసాలు, తెగిన నైలాను వలలు, పాలిస్టర్ బట్టలు ఉతికినప్పుడు ఊడే పోగులు దీనికి మూలాలు.

తెనాలి, బాపట్ల వంటి పట్టణాలైనా, స్టూవర్టుపురం వంటి గ్రామాలైనా ఈ తీరానికి దూరమైనవి కావు. వీధిలో విసిరిన సంచి వాననీటితో మురుగుకాలువలో పడుతుంది. కాలువ సముద్రాన్ని చేరుతుంది. సముద్రంలో చేరినదానిని పోటు మడ అడవిలోకి తెస్తుంది. మడచెట్ల వేళ్లు నీటి వేగాన్ని తగ్గించి ఒండ్రును నిలుపుతాయి. దానితోపాటు ఈ నలుసులనూ నిలుపుతాయి. ఏ గుణం తీరాన్ని కాపాడుతున్నదో, ఆ గుణమే అడవికి చేటు తెస్తున్నది.

తెల్లమడ వేళ్లు గాలి కోసం బురదపైకి నిటారుగా పొడుచుకొని వస్తాయి. సంచులు వాటిని కప్పివేస్తే చెట్టుకు ఊపిరాడదు. బురదలో మేత వెదకే పీతలు, నీటిని వడగట్టి బ్రతికే ఆలిచిప్పలు నలుసులను మింగుతాయి. వాటిని తినే జీవులకు ఆ నలుసులు సంక్రమిస్తాయి. ఈ ఆహారపు గొలుసు చివర మనిషి ఉన్నాడు. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మానవరక్తంలో సైతం ప్లాస్టిక్ కణాలను గుర్తించారు.

బురదలో కలిసిన నలుసులను ఏరివేయడం దుస్సాధ్యం. కనుక ప్లాస్టిక్‌ను వీధిలోనే ఆపాలి. ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అయితే, మన చేతికి గుడ్డసంచి వచ్చిననాడే ఆ చట్టం సార్థకమవుతుంది. మనం పారవేసిన చెత్తకు పీతలు పట్టి జీవించే కుటుంబం మూల్యం చెల్లించడం న్యాయం కాదు.