సైకిలు కొనునపుడు చూడవలసిన కొలత

మిరప కోతల దినములలో తెల్లవారుజామున ప్రత్తిపాడు నుండి చిలకలూరిపేట వరకు, అటనుండి మార్టూరు, పర్చూరు, అద్దంకి వైపులకు పోవు బాటలపై నిలిచి చూచినచో సైకిలు మన పల్లెలను విడిచి పోలేదని తెలియును. ఆటోలు, మోటారు సైకిళ్లు ఎంత పెరిగినను, చేనికి నీరు కట్టబోవు రైతు, పాలకేంద్రమునకు క్యాను మోయు యువకుడు, ఉన్నత పాఠశాలకు పోవు బాలిక నేటికిని సైకిలునే నమ్ముకొని యున్నారు. పూర్వము పంచాయతీలు సైకిలుకు పన్ను వసూలు చేసి బిళ్ల యిచ్చెడివి. బిళ్ల కట్టించుకొన్న ఆ పెద్దలు సైకిలు మనిషికి సరిపోవునా లేదా యని మాత్రము ఎన్నడును అడిగి యుండరు. మనము నేడు అడుగవలసిన ప్రశ్న అది.

దుకాణమునకు పోయి సైకిలు కావలెనన్నచో "ఎంత సైజు?" అని అడుగుదురు. మనము "ఇరువది యారు" అనియో, "ఇరువది యెనిమిది" అనియో చెప్పుదుము. అది చక్రపు కొలత. చక్రము ఎంత యున్నదో తెలిసినంత మాత్రమున ఆ సైకిలు మనకు సరిపోవునో లేదో తెలియదు. చెప్పులు కొనుచు చెప్పు పొడవు అడుగక, అడుగున నున్న అట్ట మందము అడిగినట్లుండును. మనిషికి సరిపోవలసినది ఫ్రేము. అనగా సీటు, హ్యాండిలు, పెడళ్లు ఈ మూడింటిని కలిపి పట్టుకొనియున్న ఇనుప గొట్టముల చట్రము. దాని సైజు వేరుగా నుండును. పెడళ్లు తిరుగు ఇరుసు నడిమి నుండి సీటు గొట్టము పైకొస వరకు టేపుతో కొలిచినచో ఎన్ని అంగుళములు వచ్చునో అదియే ఫ్రేము సైజు. సీటును నిలుపు సన్నని కమ్మీని ఈ కొలతలో చేర్చరాదు.

మన తాతల నాటి నల్లని పెద్ద సైకిలు ఇంగ్లండు నమూనా. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అను ఆంగ్లేయుడు 'రోవర్' అను పేరుతో రెండు చక్రములు ఇంచుమించు సమముగా నుండు సైకిలును తెచ్చిన తరువాత, కొలది యేండ్లలోనే వజ్రాకారపు చట్రము స్థిరపడినది. స్వాతంత్ర్యానంతరము 1949లో మదరాసు చెంత అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపతులో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సంస్థలు స్థాపితమైనవి. పెద్ద సైకిలును చేయుటలో ఆ విదేశపు ఆకృతినే మనవారును అనుసరించిరి. అందుచేత మన దుకాణములలో 22 అంగుళముల ఫ్రేము, 28 అంగుళముల చక్రము గల సైకిలు సాధారణమైనది. 20, 24 అంగుళముల ఫ్రేములును కలవు. సైకిలు గట్టిదే, బస్తా మోయుటకు దానిని మించినది లేదు. కాని మనిషి? 2005–06 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన దేశములో వయోజన పురుషుని సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, స్త్రీ ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఆ పెద్ద సైకిలు వీరిని చూచి కొలత తీసినది కాదు.

దీనివలన నష్టమేమని కొందరనవచ్చును. చిన్ననాట బారు క్రింది సందులో కాలు దూర్చి తొక్కి నేర్చుకొన్నవారము కదా, ఏమైనదని నవ్వవచ్చును. ఏమియు కాలేదు, అప్పుడు వెనుక బస్తా లేదు, ప్రక్కన లారీ లేదు. 16వ నెంబరు జాతీయ రహదారిపై, లేదా దానిలో కలియు తారు రోడ్డు అంచున, వెనుక క్యారియరుపై మిరప బస్తాయో, పచ్చగడ్డి మోపో కట్టుకొని పోవు మనిషి ఒక్కసారిగా ఆగవలసివచ్చినచో రెండు పాదములు నేలకు ఆనవలెను. బారు ఎత్తుగా నున్నచో ఒక కాలి మునివ్రేళ్లు మాత్రమే ఆనును. బరువు వెనుకనున్న సైకిలు ఆ ప్రక్కకే ఒరుగును. తారు అంచు నుండి నల్లరేగడి మార్జినులోనికి జానెడు లోతున్న తావులు మన రోడ్లపై ఎన్నియో కలవు. సైకిలు ప్రమాదములను గూర్చి మాటాడునపుడు లారీవాని తప్పు, రోడ్డు తప్పు చెప్పుకొందుము, అవి నిజమే. ఫ్రేము తప్పును మాత్రము ఎవరును తలపెట్టరు.

ఇక కొలుచు విధము. దీనికి టేపు, పెన్సిలు, గట్టి అట్టగల పుస్తకము చాలును; పంచాయతీ రిజిస్టరు మిక్కిలి అనుకూలము. మనిషి పాదరక్షలు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదముల మధ్య సుమారు 15 సెంటీమీటర్ల ఎడముతో నిటారుగా నిలువవలెను. పుస్తకమును తొడల మధ్యనుంచి, వీపు భాగము పైకుండునట్లు, సీటుపై కూర్చున్నపుడు తగులునంత గట్టిగా పైకి నొక్కవలెను. ఒక అంచు గోడకు చదునుగా ఆనియుండవలెను, లేనిచో పుస్తకము వాలి లెక్క తప్పును. పుస్తకపు పై అంచు గోడకు తగిలినచోట గీత గీసి, నేలనుండి గీత వరకు కొలువవలెను. ఇది కాలి లోపలి కొలత. రెండుసార్లు కొలిచి చూచుట మంచిది. పంట్లాము కొలతను దర్జీ వద్దనుండి తెచ్చి యిది యే అనుకొనరాదు. అది చీలమండకు పైననే ఆగిపోవును, కొన్ని సెంటీమీటర్లు తక్కువగా వచ్చును.

ఎత్తు 165 సెంటీమీటర్లు గల మనిషికి ఈ కొలత చాలవరకు 75, 77 మధ్య నుండును. 76 అనుకొందము. 22 అంగుళముల పెద్ద సైకిలుకు నేలనుండి బారు పైఅంచు వరకు సుమారు 80 సెంటీమీటర్లుండును. బారుపై కాళ్లు రెండు వైపుల వేసి నిలిచినపుడు శరీరమునకు, బారుకు నడుమ 2 మొదలు 5 సెంటీమీటర్ల ఖాళీ యుండవలెననునది నియమము. ఇచ్చట ఖాళీ మాట అటుంచి నాలుగు సెంటీమీటర్లు బారే ఎక్కువగా నున్నది. 20 అంగుళముల ఫ్రేమైనచో బారు సుమారు 75 వద్దకు దిగును. అప్పటికిని ఖాళీ ఒక్క సెంటీమీటరే. అట్టివాడు 26 అంగుళముల చక్రము గల 20 అంగుళముల ఫ్రేము తీసికొన్నచో బారు మరి రెండు సెంటీమీటర్లు క్రిందికి వచ్చి సరిపోవును. 24 అంగుళముల ఫ్రేము ఆరడుగుల వారికి గాని తగదు. అన్ని తయారీలు ఒకే తీరున నుండవు గనుక దుకాణములో బారు ఎత్తును టేపుతో కొలిచి చూడవలెను. అమ్మువారు విసుగుకొన్నను మానరాదు.

రెండవ లెక్క సీటుది. 1986, 1989, 1990 సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు మహా సైకిలు పందెము గెలిచిన గ్రెగ్ లెమాండ్ అను అమెరికా దేశస్థుడు ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి కలదు. కాలి లోపలి కొలతను 0.883తో గుణించగా వచ్చునది పెడళ్ల ఇరుసు నడిమినుండి సీటు పైభాగమునకు ఉండవలసిన దూరము. 76కు ఇది సుమారు 67. ఇప్పుడు చూడుడు: 22 అంగుళముల ఫ్రేము 56 సెంటీమీటర్లు, దానిపై స్ప్రింగుల సీటు సుమారు 10, అనగా సీటును పూర్తిగా దించినను 66 వచ్చును. మన మనిషికి ఎట్లో సరిపోయినది. కాలి కొలత 70 గల స్త్రీకి కావలసినది 62 మాత్రమే. ఆమె ఈ సీటుపై కూర్చుండి పెడలును అందుకొనుటకు ప్రతి త్రొక్కుడుకు నడుము అటునిటు వంచవలెను. 18 అంగుళముల ఫ్రేము 46 సెంటీమీటర్లు. దానిపై సీటును కొంత పైకెత్తి బిగించిన చాలును.

చీర, లంగా ధరించువారికి బారు వాలుగా దిగియుండు ఫ్రేమే మేలు. అచ్చట బారు ఎత్తు ప్రశ్న లేదు. సీటు ఎత్తు, హ్యాండిలు దూరము చూచిన చాలును. అయితే ఇందును అందరి అభిప్రాయము ఒకటి కాదు. 1991–92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. అప్పుడు కలెక్టరుగా నున్న షీలా రాణి చుంకత్ ప్రోత్సాహము దీనికి కలదు. ఆడవారి సైకిళ్లు చాలినన్ని దొరకక మగవారి సైకిళ్లనే త్రొక్కిన ఆ స్త్రీలలో కొందరు వానినే మెచ్చుకొనిరి: ముందు బారుపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చును గదా! అవసరమేదో త్రొక్కువారికే తెలియును.

బాలికల విషయము మన సభ్యులు మరింత శ్రద్ధగా చూడవలసినది. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకై రెండు వేల రూపాయలు ఇచ్చు పథకము ప్రారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు పరిశీలించి, తగిన వయస్సున ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య దానివలన 32 శాతము పెరిగినదని 2017లో ప్రకటించిరి. మన రాష్ట్రములో 2017 ప్రాంతమున 'బడికొస్తా' పేరిట ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లే నేరుగా పంచిపెట్టిరి. సొమ్ము చేతికి వచ్చినచో బిడ్డను దుకాణమునకు తీసికొనిపోయి ఎక్కించి చూచి కొనవచ్చును. వస్తువే వచ్చినపుడు తరగతిలోని పొట్టి బాలికకును పొడవు బాలికకును ఒకే సైకిలు దక్కు అవకాశము కలదు. దాతలిచ్చు సైకిళ్లకును ఇదే చిక్కు. నేను చూచిన ఒక ఊరిలో దాత ఒకరు ఎంతో ప్రేమతో బడి పిల్లలకు సైకిళ్లిచ్చిరి. అన్నియు ఒకే సైజు. రెండు నెలలకు వానిలో కొన్ని బడికి రాక యింటివద్ద వేపచెట్టు నీడన నిలిచిపోయినవి. ఆ పిల్లలు మరల నడకకు దిగిరి. అడుగగా "భయము" అనిరి. తమ సైకిలు తమకు పెద్దదని ఏ ఒక్కరును చెప్పలేకపోయిరి. 145 సెంటీమీటర్ల ఎత్తుగల బాలికకు కాలి కొలత సుమారు 66; సీటు 58 వద్ద నుండవలెను. 18 అంగుళములకు మించిన ఫ్రేము ఆమెకు ఇవ్వరాదు.

ఈ మధ్య కళాశాలలలో చదువు యువకులు వంపు హ్యాండిలు, సన్నని టైర్లు గల రోడ్డు పందెపు సైకిళ్లు కొనుచున్నారు. ధర పెద్ద సైకిలుకు ఎన్నో రెట్లు. కనుక ఇందు పొరపాటు జరిగినచో నష్టమును పెద్దది. వీని ఫ్రేము సెంటీమీటర్లలో చెప్పబడును: 48, 50, 52, 54 ఇత్యాదిగా. కాలి లోపలి కొలతను 0.65తో గుణించిన దగ్గర సంఖ్య వచ్చును. 76కు 49, 80కి 52. ఇది తొలి అంచనా మాత్రమే. బారు వాలుగా నుండు ఫ్రేములకు అసలు గొట్టము పొట్టిగా నుండును, అట్టపై మాత్రము పెద్ద సంఖ్య వేయుదురు. ఒక తయారీదారుని 52 మరియొకని 54తో సమానము కావచ్చును. అందుచే తయారీదారుడిచ్చు పట్టికలో రెండు కొలతలను చూడవలెను: పెడళ్ల ఇరుసు నుండి హ్యాండిలు గొట్టపు పైకొస ఎంత ఎత్తున నున్నది, ఎంత ముందునకు నున్నది. ఈ రెండవది మిక్కిలి ముఖ్యము. సీటును ఎత్తవచ్చును, దించవచ్చును. ముందుకు చాచవలసిన దూరమును ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి సవరింప వీలుపడదు. రెండు సైజుల నడుమ సందేహము కలిగినపుడు చిన్నదానిని తీసికొనుట మేలని నా అభిప్రాయము. తమ్ముడు ఎదిగి త్రొక్కునని పెద్దది కొనుట మాత్రము కూడదు. తమ్ముడు ఎదుగులోపల అన్నకు మోకాలి నొప్పి వచ్చును.

సీటు మరీ క్రిందనున్నచో మోకాలి ముందు భాగమున, మరీ పైనున్నచో మోకాలి వెనుక నొప్పి పుట్టును. హ్యాండిలు దూరమైనచో మెడ, మణికట్టు పట్టుకొనును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. సరిచూచుటకు సులభమైన ఉపాయమున్నది. సైకిలును ఒకరు పట్టుకొనగా, త్రొక్కువారు సీటుపై కూర్చుండి మడమను పెడలుపై నుంచి క్రిందికి దింపవలెను. కాలు నిటారుగా చాపబడినచో సీటు సరిగా నున్నది; పిదప పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొద్దిగా వంగియుండును. బరువులు మోయువారు అంతకు రెండు సెంటీమీటర్లు తగ్గించుకొనుట క్షేమము. సీటు కమ్మీపై గీత యున్నచో అది బయటికి కనబడునంతగా ఎత్తరాదు, కమ్మీ విరుగును.

మన నేలను బట్టి మరి రెండు మాటలు. పొట్టివారికి చిన్న ఫ్రేము, పెద్ద చక్రము కలిపి యిచ్చినచో మలుపు త్రిప్పునపుడు కాలి బొటనవ్రేలు ముందు మడ్‌గార్డుకు తగులును. కనుక చిన్న ఫ్రేముకు 26 గాని, 24 గాని చక్రము తీసికొనవలెను. వానకాలమున ప్రత్తిచేల గట్లపై రేగడి మన్ను టైరుకు, మడ్‌గార్డుకు నడుమ చేరి చక్రమును బంధించును. అచ్చట వ్రేలు దూరునంత సందు లేని సైకిలు పొలమునకు పనికిరాదు, ఎంత అందముగా నున్నను సరే.

పంచాయతీ తరఫున గాని, దాతల తరఫున గాని సైకిళ్లు తెప్పించునపుడు తీర్మానములో "26 అంగుళముల సైకిళ్లు పండ్రెండు" అని వ్రాసి ఊరకుండరాదు. ఫ్రేము సైజులు వేరువేరుగా, ఒక్కొక్కటి ఎన్ని కావలెనో, బారు వాలుదియో కాదో వ్రాయవలెను. అందుకు ముందు ఒక పూట పాఠశాల వసారాలో పిల్లలను గోడకు నిలిపి కొలతలు తీయించవలెను. బాలికల కొలతలు ఉపాధ్యాయినులే తీయుట తగును. సైకిళ్లు వచ్చిన దినమున స్థానిక మరమ్మతుదారుని పిలిపించి, ప్రతి సీటును ఎవరిది వారికి బిగించి యిప్పించవలెను. ఒక్కొక్కదానికి పది నిమిషములకు మించి పట్టదు. మరుసటి యేడు పిల్లలు పెరిగియుందురు గనుక మరల ఒకసారి చూడవలెను. గోడపై గీసిన గీతలను మాత్రము సున్నము వేయకమునుపే పేర్లతో రిజిస్టరులోనికి ఎక్కించుకొనవలెను.