పంచె వదులైంది, బిందె బరువైంది

“పీచు బాగా తినండి” అని డాక్టరుగారు సెలవిచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది కొబ్బరిపీచు. అంట్లు తోముకునే వస్తువును తినమంటారేమిటి చెప్మా అనుకున్నాను.

నాకు 69 ఏళ్లు. మధుమేహం పదేళ్లుగా నాతో కాపరం చేస్తోంది. కిందటి సంక్రాంతి తరువాత చేయించిన పరీక్షలో అది కాస్త హద్దు మీరింది. దాని ఫలితమే ఈ పీచు ఉపదేశం.

ఏ పనీ సగంలో వదిలే మనిషిని కాను నేను. మర్నాటినుంచి జొన్నరొట్టె, తోటకూర, గోరుచిక్కుడు, బీరపొట్టు పచ్చడి. మొదటి వారం కడుపు ఉబ్బరించి, నా పక్కన కూర్చోవడానికి మనవడు కూడా ఒప్పుకోలేదు. పీచు మెల్లమెల్లగా పెంచుకోవాలనీ, దానితోపాటు నీళ్లు బాగా తాగాలనీ తరువాత తెలిసింది లెండి. అసలు చిక్కు వేరు. రొట్టే కూరా ముగిసేసరికే కడుపు నిండిపోయేది. పప్పు పక్కకు జరిపేవాణ్ణి. పెరుగు వద్దనేవాణ్ణి. కోడిగుడ్డు సంగతి మరచేపోయాను.

మూడు నెలలయ్యేసరికి నడుము దగ్గర పంచె వదులైంది. “చిక్కారే, బావున్నారు!” అన్నారు స్నేహితులు. నేను పొంగిపోయాను. ఆ పొంగు ఒకనాటి ఉదయం కుళాయి దగ్గర చల్లారింది. నిండు బిందె గట్టుమీదికి ఎత్తబోతే చేతులు వణికాయి, కాళ్లు తేలిపోయాయి. బిందె ఒరిగి నీళ్లన్నీ నామీదే.

డాక్టరుగారు ఈసారి రక్తం అడగలేదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేవమన్నారు. నాకు 16 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకు మించి పడితే అనుమానించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో నిర్ణయించారట. వయసుతో కండ కరగడానికి ‘సార్కోపీనియా’ అని పేరు. 1989లో అమెరికా పరిశోధకుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. తెలుగులో మాంసదారిద్య్రం అనుకోవచ్చు.

“చిక్కింది కొవ్వొక్కటే అనుకున్నారా? కండ కూడా పోయింది” అన్నారాయన. కండ బరువులెత్తడానికే ఉందనుకునేవాణ్ణి. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరను దాచుకునే పెద్ద గాదె అదేనట. గాదె చిన్నదైతే ధాన్యం వీధిలో ఉన్నట్టు, చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. అంటే చక్కెర తగ్గించుకోబోయి గాదెకే కన్నం వేసుకున్నానన్నమాట!

అలాగని పీచు తప్పు కాదు. చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కేలా చేస్తుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు కొన్నిరకాల పీచును పులియబెట్టి ఒంటికి మేలుచేసే ఆమ్లాలు తయారుచేస్తాయి. పీచు ఎక్కువగా తినే వృద్ధులకు కండపుష్టి మెరుగ్గా ఉన్నట్టు కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. అయితే కూరలు తినే శ్రద్ధ ఉన్నవాడికి నడిచే శ్రద్ధ కూడా ఉండవచ్చు. ఆ ఘనత ఒక్క పీచుదేనని తేలలేదు.

రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో చెప్పింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములైనా లేదు. జొన్నల్లో 10, కందిపప్పులో సుమారు 9. ఆ కందిపప్పులోనే మాంసకృత్తులు 20 గ్రాములు దాటి ఉన్నాయి. రెంటినీ మోసుకొచ్చే పప్పునే నేను పక్కకు నెట్టాను!

వయసు మళ్లినవారికి ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము మాంసకృత్తులైనా ఉండాలంటున్నారు నిపుణులు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచరాదు. ఇప్పుడు నా కంచంలో ముందు పప్పు, గుడ్డు, తరువాతే కూర. సాయంత్రం శనగల గుగ్గిళ్లు. పొద్దునా రాత్రీ కుర్చీలోంచి పదేసిసార్లు లేవడం. తిండి ఎంత మార్చినా ఈ పని చేయందే కండ తిరిగి రాదట.

మొన్న ఆదివారం మా ఆవిడ గడియారం పట్టుకుని లెక్కపెట్టింది. 13 సెకన్లు. “ఏమండీ, నాకూ లెక్కపెట్టండి” అని తనూ కూర్చుంది. నేను కళ్లజోడు వెతుక్కునేలోగా అయిదుసార్లూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.