పగడానికి పూసిన రంగు

సూర్యలంక తీరంలో సెలవు గడిపి తెనాలికో, రేపల్లెకో తిరిగి వచ్చే పిల్లలు సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలని ముచ్చటపడతారు. ఆ ముచ్చటను సొమ్ము చేసుకునే వర్తకాలలో రంగు వేసిన పగడాల అమ్మకం ఒకటి. ధర్మసమ్మతమైన సంపాదనను కోరే కుటుంబాలు దీనిని గురించి ఆలోచించాలని మేము కోరుతున్నాము.

పగడం రాయి కాదు, మొక్క కాదు, ప్రాణి. దాని దేహంలో నివసించే సూక్ష్మమైన నాచు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి దానిని పోషిస్తుంది. నాచును కోల్పోయి తెల్లబారిన పగడాలను రంగునీటిలో ముంచి గులాబీ, పసుపు, నీలం వర్ణాలు తెప్పిస్తారు. ఆ రంగు వెలుతురును అడ్డగించి, ఆకలిగొన్న ప్రాణికి ఉన్న దారిని కూడా మూసివేస్తుంది. కొద్దికాలానికే రంగు వెలిసిపోతుంది; తరచు పగడమూ మరణిస్తుంది. మన దేశపు మంచినీటి గాజుచేపకు సూదితో రంగు ఎక్కించి అమ్మడం కూడా ఇటువంటిదే.

చట్టమూ మౌనంగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో పగడాలను చేర్చారు. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష, జరిమానా తప్పవు.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి మందలించారు. పాలు పిండకుండా పొదుగు నింపి పశువును అమ్మడాన్ని నిషేధించారు. మోసపోయిన కొనుగోలుదారు దానిని మూడు రోజుల్లోగా తిప్పి ఇవ్వవచ్చని తీర్పు చెప్పారు. జబ్బుపడిన పగడానికి రంగు పూయడం ఆ నిండు పొదుగు వంటిదే.

“రంగు వేసినట్లు చెప్పే అమ్ముతున్నాము కదా” అని వ్యాపారి అనవచ్చు. అలా చెబితే మోసం తొలగుతుంది, హింస తొలగదు. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ ఎవరినీ మోసగించలేదు. అయినా శిక్షకు పాత్రురాలైంది. “రంగు వేసింది నేను కాదు” అనడమూ చెల్లదు. గిరాకీ ఉన్నంతకాలం రంగుతొట్టి ఖాళీగా ఉండదు.

దుకాణమే జీవనాధారమైన సోదరులకు దారులు మూసుకుపోలేదు. సహజవర్ణంతో మెరిసే గప్పీలు, మోలీలు, నీటిమొక్కలు ఉన్నాయి. కృత్రిమమని చెప్పి అమ్మే ప్లాస్టిక్ పగడాలూ ఉన్నాయి. కొనేముందు తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ రంగు సృష్టికర్త ఇచ్చినదా, వర్తకుడు పూసినదా? ఆ ప్రశ్నను పక్కనే నిలబడి వినే పిల్లవాడు హలాల్ అనే మాటకు అర్థం అక్కడే నేర్చుకుంటాడు.